గొర్రెల అంచు

హిందూపురం మొదలుకొని ధర్మవరం దాకా చంద్రప్ప మౌసు నొక్కందే పట్టుచీర మీద ఏ నెమలీ పురి విప్పింది లేదు, ఏ ఏనుగూ తొండం ఎత్తింది లేదు. అతను గీసిన నెమలిని చూసి ఒక పిల్లి మగ్గం గుంతలోకి దూకి, జరీ పోగుల్లో చిక్కుకుని, నాలుగు వీధులకు వినబడేటట్టు అరిచిందని కూడా చెప్పుకునేవారు. అంతటి చంద్రప్ప ఆ ఉదయం ధర్మవరంలోని డిజైన్ల గదిలో కూర్చుని, కంప్యూటర్ మూలుగు ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని ఉన్నాడు.

ఆ పెట్టెది పిలవగానే లేచే వయసు కాదు. మీట నొక్కితే ముందు ఈల వేస్తుంది, తర్వాత దగ్గుతుంది, ఆ తర్వాత ఎద్దు నెమరేసినట్టు లోపల ఏదో నములుతూ ఉంటుంది. ఆలోగా చంద్రప్ప బయటికి పోయి టీ తాగి, గోడ మీది సినిమా పోస్టరు చదివి, తిరిగి వచ్చి కూర్చునేవాడు. ఆరోజు మాత్రం లేచి పోలేదు. కంప్యూటర్ అద్దం మీది దుమ్మును తువ్వాలు కొసతో తుడిచి, పోయిన ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమబొట్టు చెదరకుండా చుట్టూ తుడిచి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

మనిషి పొట్టి. ఎన్నో ఏళ్ళుగా అద్దంలోకి తొంగి చూసి చూసి మెడ ముందుకు సాగిపోయింది. వీధిలో నడుస్తుంటే తల ఒక అడుగు ముందు, ఒళ్ళు ఒక అడుగు వెనక. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ విరిగితే పట్టుదారం చుట్టాడు. ఎర్ర దారం, కొత్తలో మెరిసేది. బల్ల అంచుకు రాచుకుని రాచుకుని కుడి మణికట్టు కింద కాయ కాచింది. గొడ్డలి పట్టేవాడికి అరచేతిలో కాస్తుంది, చంద్రప్పకు మణికట్టు దగ్గర కాచింది, అంతే తేడా. ఎడమ భుజం నాలుగు రోజులుగా లాగుతోంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతున్నాడు.

వాళ్ళది కనగానపల్లి పక్కన మెట్టపల్లె. గొర్రెలు కాసే ఇల్లు. అమ్మ చిన్నప్పుడే పోతే అక్క మునెమ్మే పెంచింది. గొర్రెల మందను అమ్మి తమ్ముణ్ణి హిందూపురం పంపి కంప్యూటర్ నేర్పించింది. కంప్యూటర్ అంటే ఏమిటో ఆమెకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. "ఎండలో కాకుండా నీడలో కూచునే పని" అని ఎవరో చెప్పారు, అది చాలనుకుంది. తర్వాత చంద్రప్ప ధర్మవరంలో కుదిరాడు, పెనుకొండలో పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం పెట్టాడు, రోజూ ప్యాసింజరు బండిలో వచ్చి పోయాడు. మునెమ్మ మళ్ళీ రెండు గొర్రెపిల్లలతో మొదలుపెట్టి మందను చేసుకుంది.

ఆ గదిలో జరిగే పని ఇది. మగ్గం నెత్తిన జాకార్డు అనే చట్రం ఉంటుంది. ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో దానికి చెప్పేవి బెజ్జాలు కొట్టిన అట్టలు. చంద్రప్ప కంప్యూటర్లో గళ్ళు నింపి బొమ్మ గీస్తాడు. పక్కనున్న మిషను ఆ బొమ్మ ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడుతుంది. వాటిని వరుసగా దారంతో కుట్టి గొలుసు చేసి నేతగాడికి ఇస్తే, మగ్గం ఆ గొలుసును చదువుకుంటూ పోతుంది. ఒకప్పుడు ఆ గదికి ఏసీ ఉండేది. మనుషులకు కాదు, పెట్టెకు. మే నెలలో నేతగాళ్ళు డిజైన్ చూసే నెపంతో వచ్చి గోడకు ఆనుకుని కునుకు తీసేవాళ్ళు. ఇప్పుడు ఏసీ లేదు, కునుకు తీసేవాళ్ళూ లేరు.

మొదట్లో కోసిన కోతలను ఇక్కడ కొంచెం తగ్గించుకోవాలి. చంద్రప్ప మౌసు నొక్కందే నెమలి పురి విప్పలేదన్నది సరే గానీ, అందులో ముప్పాతిక నెమళ్ళు ఎవరో ఎక్కడో గీసినవే. షావుకారు ఒక కంచి చీర ఫోటో తెచ్చేవాడు, ఇంకొకాయన పెళ్ళిలో చూసిన కొంగును ఫోనులో పట్టుకొచ్చేవాడు. "అచ్చం ఇట్లే, ముక్కు మాత్రం మార్చు" అనేవారు. చంద్రప్ప ముక్కు మార్చేవాడు. జన్మంతా అతను మార్చినవి ముక్కులే. ఆ పిల్లి కూడా నెమలిని చూసి దూకలేదు, ఎలుకను చూసి దూకింది. సొంత గీత అనదగ్గది ఒక్కటి కూడా ఇంతవరకూ చీర మీదికి ఎక్కలేదు.

ఎక్కవలసింది ఒకటి ఉంది. అదే గొర్రెల అంచు.

ఎప్పుడో మునెమ్మ నవ్వుతూ అంది. "నెమళ్ళు, హంసలు అంటావు గదరా. ఎప్పుడన్నా హంసను చూసినావా? మన గొర్రెలు ఏం పాపం చేసినాయి?" ఆ మాట అతనిలో ముల్లులా దిగింది. పని లేని మధ్యాహ్నాలు గొర్రెల్ని గీయడం మొదలుపెట్టాడు. మామూలు అంచులో ఒకే బొమ్మ వెంట అదే బొమ్మ వస్తుంది. మందలో అలా ఎలా కుదురుతుంది? ముందు కొమ్ములు తిరిగిన పొట్టేలు, వెనక చెవి తెగిన గొర్రె, దాని వెనక కడుపుతో ఉన్నది, అన్నిటికన్నా వెనక కుంటిది, దాని పక్కన గొర్రెపిల్ల. దేని నడక దానిదే. షావుకార్లకు చూపిస్తే పగలబడి నవ్వారు. "పెండ్లికూతురు గొర్రెల్ని కట్టుకోని పీటల మీద కూచుంటుందా చంద్రప్పా?" అన్నారు. నేసేవాడు నరసింహులు ఒక్కడే నవ్వలేదు. అతని ఇంట్లో పాత చేతిమగ్గం ఇంకా ఆడుతోంది. "అట్టలు తెచ్చియ్యి, మీ అక్కకి నేనే నేసిస్తా" అన్నాడు.

రేపు మాపు అంటూ ఆ పని ఆ రోజు దాకా వచ్చింది. ఇక రేపు లేదు. మధ్యాహ్నానికి ఆ కంప్యూటర్ వెళ్ళిపోతోంది. గొర్రెల బొమ్మ ఉన్నది అందులోనే. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇంకే యంత్రంలోనూ తెరుచుకోదు. ఆలోగా అట్టలు కొట్టుకోవాలి. అక్కకు కబురు కూడా పంపాడు, పోయేలోగా ఒకసారి వచ్చి నీ మందను అద్దంలో చూసుకోమని.

పెట్టె మూలుగు ఆగింది. చంద్రప్ప మిషను కదిపాడు. అట్టలు ఒకటొకటే టకటకమంటూ పడసాగాయి. బెజ్జాల్లోంచి రాలిన కాగితం పొట్టు అతని పాదాల మీద పడుతూ ఉంది.

ఎండెక్కేసరికి గది యజమాని జయరాముడు వచ్చాడు. తండ్రి పోయాక వ్యాపారం చేతికి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు. అతని వెనక కొత్త టాబ్లెట్ పెట్టె పట్టుకుని నరేష్ వచ్చాడు. నరేష్ చంద్రప్ప కొడుకే. హిందూపురంలో ఫోన్లు, టాబ్లెట్లు అమ్మే కొట్లో పని చేస్తాడు, అక్కడే గది తీసుకుని ఉంటాడు. జయరాముడికి ఈ టాబ్లెట్ అమ్మింది అతనే. పాతది ఇస్తే కొత్తదానికి కొంత దుడ్లు తగ్గిస్తారు గనక, తండ్రి కంప్యూటర్‌ను తీసుకుపోవలసింది కూడా అతనే.

"నాయనా, తిన్నావా?" అన్నాడు నరేష్, తండ్రి ముఖం చూడకుండా.

"తింటాలే. ఇవి అయిపోనీ."

జయరాముడు టాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అన్నం పళ్ళెం అంత కూడా లేదు. వేలితో రాస్తే చీరలు ఒకదాని మీద ఒకటి జారిపోతున్నాయి.

"చూడు చంద్రన్నా. సూరత్‌లో పొద్దున గీస్తే ఈడ టీ తాగేలోపల దిగిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి కరెంటు జాకార్డుకి పెడితే అయిపాయ. అట్ట లేదు, దారం లేదు, బెజ్జం లేదు."

అప్పుడే వేరే చీర అంచు గ్రాఫు కోసం వచ్చిన నరసింహులు వాకిట్లోనే నిలబడి అందుకున్నాడు. "కిందికి పడితే?"

"పగుల్తుంది."

"మా చంద్రప్పది రెండు తూర్లు పడినాది. బండ పగిలింది గానీ అది పగల్లేదు."

అందరూ నవ్వారు. చంద్రప్ప కూడా నవ్వి, వెంటనే మిషను వైపు తిరిగాడు.

"ఇదంతా మోజుప్పా," అన్నాడు నరసింహులు, తానన్న మాట తనకే నచ్చి. "రేడియో పోతుందన్నారు, పోయిందా?"

"యాడుందో చూపించు మరి," అన్నాడు జయరాముడు. "మీ ఇంట్లో ఉండాదా?"

నరసింహులు ఆలోచించాడు. "ఉండాది. పైన అటక మీద."

"ఇది కూడా ఆడికే పోతాండాది."

 మిషను టకటకలాడుతూనే ఉంది. నరేష్ తండ్రి పక్కకు వచ్చి అద్దంలోకి చూశాడు. గళ్ళలో గొర్రెలు. చిన్నప్పుడు సెలవుల్లో అత్త ఊరికి పోయినప్పుడు తనను తరిమిన పొట్టేలును గుర్తుపట్టాడు.

"నాయనా, ఇది టాబ్‌లోకి ఎక్కుతుందేమో చూస్తా," అని కేబుల్ పెట్టి, వేళ్ళు ఆడించి, చాలాసేపు తంటాలు పడ్డాడు. టాబ్లెట్ ఆ ఫైలును తీసుకుంది గానీ తెరవలేదు. తెల్లటి చదరం ఒకటి చూపించి ఊరుకుంది.

"పోనీలేరా," అన్నాడు చంద్రప్ప. "అట్టలైతే అయినాయి కదా."

ఆఖరి అట్ట పడింది. చంద్రప్ప గొర్రెల గ్రాఫును కాగితం మీద కూడా ఒకటి తీసుకున్నాడు. తర్వాత వాకిలి వైపు చూశాడు. అక్క రాలేదు. హిందూపురం ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఇంకొంచెంసేపు ఆగమందామని నోరు తెరిచాడు. అడగవలసింది కొడుకునని గుర్తొచ్చి మూసుకున్నాడు.

నరేష్ వైర్లు ఊడదీశాడు. పెట్టెను రెండు చేతులా ఎత్తి, గడప దగ్గర ఒక క్షణం ఆగాడు. "నాయనా, ఈ ఆదివారం ఇంటికి వస్తాలే," అన్నాడు. చంద్రప్ప తల ఊపి, ఆటోలో పెట్టెకు కుదుపు తగలకుండా తన తువ్వాలు కింద పరిచాడు. ఆటో పోయింది. తువ్వాలూ దాంతోనే పోయింది.

మునెమ్మ వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. దారిలో బస్సు చెడిపోయిందట. మోకాళ్ళ దాకా దుమ్ము, నెత్తిన మూట. గదిలోకి వచ్చి ఖాళీ బల్లను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇదేనా రా కంప్యూటర్?"

"అది బల్ల అక్కా. కంప్యూటర్ పోయింది."

"పోతే పోనీ. నువ్వుండావు గదా." మూట విప్పి రాగిసంగటి, రోట్లో నూరిన చెనిక్కాయ ఊరిబిండి ముందు పెట్టింది. "తిను. ఎంత చిక్కిపోయినావురా. నీడలో కూచున్నోడివి లావు కావాల కదా."

చంద్రప్ప రెండు ముద్దలు తిన్నాడు. మూడోది దిగలేదు. చెయ్యి కడుక్కుని గ్రాఫు కాగితం తెచ్చి అక్క ఒడిలో పరిచాడు. అంత వయసు వచ్చినా పరీక్ష కాగితం చూపించే పిల్లవాడిలా పక్కనే నిలబడ్డాడు.

మునెమ్మ కాగితం మీదికి వంగింది. వేలు ఒక్కో గొర్రె మీద ఆనించి, పేరు పెట్టి పిలుచుకుంటూ పోయింది. కుంటిదాని దగ్గర వేలు ఆగింది. "దీన్ని కూడా పెట్టినావే," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత కాగితాన్ని ఎత్తి, కొంగు అంచున ఉన్నట్టు భుజానికి ఆనించుకుని, తల వంచి చూసుకుంది. నొసలు ముడిపడింది.

"రేయ్ చంద్రా. ఇవి పోతాండాయి రా."

"యాడికి?"

"మేతకు. నా కొంగు ఈడుండాది, ఇల్లు ఈడుండాది. ఇవి అట్లా పోతాండాయి చూడు. ఒంటి మీద కట్టుకునేటివి ఇంటికి రావాల గానీ, పొద్దస్తమానం బయటికి పోతా ఉంటే ఎట్ల? మందను బయటికి తోలి వాకిలి తెరిచిపెట్టినట్టుండాది."

చంద్రప్ప కాగితాన్ని చూశాడు. నిజమే. నెమలి కొంగు వైపే చూడాలి, ఏనుగు కొంగు వైపే నడవాలి. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా తప్పని సంగతి అది. తప్పక తప్పక సొంత మంద దగ్గరే తప్పాడు.

"ఎట్ల తప్పినానో తెలీదు అక్కా."

మునెమ్మకు మాత్రం తెలిసినట్టే ఉంది. "నీకు రావడం యాడ తెలుసు? పొద్దున మంద వెనకాల నడుచుకుంటా వచ్చేవాడివి. మాపటేల నా భుజాన నిద్రపోయేవాడివి. పోయేది చూసినావు గానీ, వచ్చేది ఒక్కనాడన్నా చూసినావా?"

అతను చూడలేదు. అక్క భుజం మీద గొంగళి వాసన, చెంపకు గుచ్చుకునే ఆమె పూసలదండ, ఎక్కడినుంచో వచ్చే మంద అరుపులు మాత్రం గుర్తున్నాయి. మూసిన కళ్ళతో విన్నవి అవి.

"కంప్యూటర్ ఉంటే ఒక్క నొక్కుతో తిప్పేవాణ్ణి," అన్నాడు.

"అది లేకపోతే తిరగవా?"

చంద్రప్ప అట్టల గొలుసు వైపు చూశాడు. తిరుగుతాయి. కుట్టిన దారం ఊడదీసి, ఆఖరి అట్టను మొదటికి, మొదటిదాన్ని ఆఖరికి తెచ్చి మళ్ళీ కుడితే మగ్గం ఆ గొలుసును వెనకనుంచి చదువుతుంది. గొర్రెలు కొంగు వైపు తిరుగుతాయి. ప్రతి అట్ట మీదా పెన్సిలుతో అంకె ఉంది. ఓపిక కావాలి, అంతే.

"తిరుగుతాయి అక్కా."

"అయితే తిప్పు. తల దించుకోని ఉండాయి, వచ్చేటప్పుడు తల ఎత్తి పిల్లల కోసం అరుస్తా వస్తాయి. ఆ తలల సంగతి నేను సర్దుకుంటాలే. దిక్కు మార్చు, చాలు."

మందను దొడ్లోకి తోలాలని ఆమె బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ తమ్ముడి ఎడమ భుజాన్ని ఊరికే ఒకసారి నిమిరింది. లాగుతోందని అతను చెప్పలేదు.

సాయంత్రం దాకా చంద్రప్ప నేల మీద కూర్చుని దారం ఊడదీశాడు. జయరాముడు తలుపు మూయబోతూ, "రేపటి నించి ఓపిక ఉంటే రా చంద్రన్నా. ఊరికే కూచుందువు, మాటలు చెప్పుకుందాం," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఊరికే కూర్చోవడమన్న మాట చంద్రప్ప గుండెల్లో ఎక్కడ పడిందో అతనికి తెలియదు.

ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఒళ్ళో అట్టలు పెట్టుకుని, దబ్బనంలోకి దారం ఎక్కించి, వెనకనుంచి కుట్టుకుంటూ వచ్చాడు. ఎదురుగా చెనిక్కాయల బుట్టతో కూర్చున్న ఆమె, "ఏమప్పా అవి, దేవుడి జాతకాలా?" అని అడిగింది.

"గొర్రెలమ్మా."

"గొర్రెలా! యాడ?"

"ఈ బెజ్జాల్లో ఉండాయి. తోలుకోని పోతాండా."

ఆమె తన పక్కనున్న ఆయన వైపు చూసి నవ్వి, గుప్పెడు కాయలు చంద్రప్ప చేతిలో పోసింది. బయట చెనిక్కాయ చేలు, రాళ్ళగుట్టలు వెనక్కి పోతున్నాయి. ఎండ ఎర్రబడింది. పెనుకొండ కొండ కనబడే వేళకు ఆఖరి అట్ట కూడా దారంలోకి ఎక్కింది. మంద మొత్తం ఇంటిదారి పట్టింది. చంద్రప్ప గొలుసును మడిచి గుండెకు ఆనించుకుని, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కిటికీకి తల వాల్చాడు.

పెనుకొండలో చాలామంది దిగారు. అతను దిగలేదు. అలసిపోయిన మనిషి, నిద్రపోతున్నాడనుకున్నారు. హిందూపురంలో బండి దాదాపు ఖాళీ అయ్యాక చెనిక్కాయల ఆమె భుజం తట్టి పిలిచింది. పలకలేదు. జేబులోని ఫోనులో కొడుకు పేరు చూసి ఎవరో నరేష్‌కు చెప్పారు. అతను కొట్టు మూసే పనిలో ఉన్నవాడు ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడు. పెనుకొండలో తల్లి రమాదేవికి ఆ సంగతి చెప్పాలని ఫోను పట్టుకుని ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తూ ఉండిపోయాడు.

దినాలు అయ్యాక నరసింహులు మెట్టపల్లె దాకా వచ్చి, అట్టలిస్తే మాట ప్రకారం నేసిస్తానన్నాడు. మునెమ్మ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పాలంటే ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి.

ఆఖరి అట్ట దారంలోకి ఎక్కిందని చెప్పింది నా కల్పన. ఆ బండిలో నేను లేను. పాపం, మనిషి పోయే ముందు పని పూర్తయిందని చెబితే బాగుంటుంది గదా అని అనేశాను. మిగతాదంతా విన్నది విన్నట్టే. అసలు జరిగింది వేరు. ఎక్కినవి సగమే. అన్నిటికన్నా వెనకబడిన కుంటిది ఇంటివైపు తిరిగింది, దాని పక్కన గొర్రెపిల్ల తిరిగింది, కడుపుతో ఉన్నది నడుము దాకా తిరిగింది. పొట్టేలు, దాని వెంట ఉన్నవి ఇంకా మేతకు పోతూనే ఉన్నాయి. మిగతా సగం కుట్టి ఇస్తానని నరసింహులు అన్నాడు, నరేష్ కూడా అన్నాడు. "వాడు ఆపిన కాడ ఉండనీ," అంది మునెమ్మ.

ఇప్పుడా అట్టలు ఆమె ఇంట్లో గోడ మేకుకు వేలాడుతున్నాయి. సగం గొలుసు, సగం విడికట్ట, ఆ రెండింటి నడుమ ఒక అట్ట బెజ్జంలో సగం దూరి ఆగిపోయిన దబ్బనం, దానికి ఇంకా దారం.